వాగ్దానం తీశాం, ఇక నడవాలి

జనవరి 2

చదవవలసిన వాక్యభాగం: మత్తయి 2:1–12, సంఖ్యాకాండము 9:15–23

నిన్న తీసుకున్న వాగ్దాన కార్డు ఈపాటికి మీ ఇంట్లో క్యాలెండర్ పక్కనో, బైబిల్ అట్టలోనో చేరి ఉంటుంది. డిసెంబర్ 31 రాత్రి జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఏ మందిరం చూసినా జనమే. పాటలు, సాక్ష్యాలు, పన్నెండు కొట్టే వేళకు మోకాళ్ల మీద ప్రార్థన, ఆ తర్వాత హ్యాపీ న్యూ ఇయర్లు, కేకు ముక్కలు. చివరికి పళ్లెంలో పేర్చిన కార్డుల్లోంచి తలా ఒకటి. కళ్లు మూసుకుని తీసినవారున్నారు. పైనున్నది వదిలేసి అడుగునున్నది లాగినవారూ ఉన్నారు. ఒకరి వాగ్దానం ఒకరు చదువుకుంటూ ఇళ్లకు చేరుకున్నాం.

ఈరోజు రెండో తేదీ. కొత్త బట్టలు ఉతుకుడుకు పడ్డాయి. జనగామ వైపు యాసంగి నాట్లకు మడి దున్నిన రైతు, బోరులో ఉన్న నీళ్లు కోతల దాకా అందుతాయా అని లెక్క వేసుకుంటున్నాడు. మహబూబాబాద్ వైపు మిరప వేసినవాళ్లు తామర పురుగు భయంతో ఆకు తిప్పి చూసుకుంటున్నారు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు ఎప్పటిలాగే మస్టర్ వేయించుకుని మొదటి షిఫ్టుకు దిగాడు. గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లవాడికి ఇంకో ఏడాది పుస్తకాలు పట్టుకోవాలో, హైదరాబాద్ పోయి దొరికిన పనిలో చేరాలో తేలడం లేదు. ఆడపిల్లకు వచ్చిన సంబంధం మంచిదేనా అని ఒక తల్లి రాత్రంతా ఆలోచించింది. కార్డు మీద దేవుడు నడిపిస్తాడని ఉంది. ఎటు నడిపిస్తాడో అందులో లేదు. కొత్త సంవత్సరపు అసలు ప్రార్థన ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఉగాదినాడు మన ఊళ్లలో పంచాంగం వింటారు. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని ఏడాది మొత్తం ఒక్క పూటలో విని లేస్తారు. చర్చికి వెళ్లే మనం పంచాంగం వినకపోయినా, చాలాసార్లు వాగ్దాన కార్డును అదే చెవితో వింటాం. మంచి మాట వస్తే ఈ ఏడాది మనదే అనుకుంటాం. శ్రమల్లో ఓర్పు గురించిన వాక్యం వస్తే గుండె గుభేలుమంటుంది, ఇంకోటి తీయవచ్చా అని పాస్టరుగారి ముఖం చూస్తాం. ముందు జరగబోయేది తెలిస్తే ధైర్యంగా ఉండవచ్చని మన ఆశ. 2024 జనవరి 1న మన జిల్లాల్లో వేల మంది కార్డులు తీశారు. ఆ సెప్టెంబర్ 1న, ఆదివారం నాడు, కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోతుందనీ, రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయనీ ఎవరి కార్డులోనూ లేదు. ఒకవేళ ఉండి ఉంటే? ఎనిమిది నెలలు భయపడుతూ బతికేవాళ్లం. జరగబోయేది చెప్పి మనల్ని ఒంటరిగా వదిలే దేవుడు మనకు లేడు. చెప్పకుండానే తోడు వచ్చే దేవుడు ఉన్నాడు. నడిపింపు అంటే మొదట ఆ తోడు.

తూర్పు దేశపు జ్ఞానుల ప్రయాణాన్ని ఈ కోణంలో మళ్లీ చదవండి. మన క్రిస్మస్ నాటికలో వాళ్లు నక్షత్రం వెంట సూటిగా పశువుల పాక దగ్గరికి వచ్చేస్తారు. మత్తయి రాసినదాంట్లో దారి అంత సూటిగా లేదు. తమ దేశంలో నక్షత్రం చూశారు, యూదులకు రాజు పుట్టాడని గ్రహించారు. ఏ ఊళ్లోనో తెలియదు. రాజు రాజధానిలోనే పుట్టి ఉంటాడనుకున్నారో ఏమో, యెరూషలేముకు చేరారు. అక్కడ ఆగి దారి అడిగారు. ఇంత చదువుకున్నవాళ్లం ఒకరిని అడగడమేమిటని నామోషీ పడలేదు. ఊరి పేరు లేఖనంలో దొరికింది. మీకా ప్రవక్త గ్రంథం తెలిసిన యాజకులు, శాస్త్రులు బేత్లెహేము అని చెప్పారు. జ్ఞానులు ఆ దారి పట్టిన తర్వాతే నక్షత్రం మళ్లీ కనబడింది. బిడ్డను చూసి, సాగిలపడి, కానుకలు సమర్పించిన తర్వాతే కలలో హెచ్చరిక వచ్చింది, రాజైన హేరోదు దగ్గరికి వెళ్లవద్దని. అప్పుడు వేరే దారిన తమ దేశానికి వెళ్లిపోయారు.

నక్షత్రం, మనుషుల మాట, లేఖనం, కల. ఇవన్నీ బయలుదేరేటప్పుడే వాళ్ల చేతిలో లేవు. ఒకదానికి లోబడిన తర్వాతే ఇంకొకటి వచ్చింది. నక్షత్రాన్ని చూసి ఇంట్లోనే కూర్చుని, ఊరి పేరు కూడా తెలిశాక బయలుదేరుదాం అనుకుని ఉంటే, ఆ పేరు వాళ్లకు ఎప్పటికీ తెలిసేది కాదు. తెలిసినంత మేర నడిచినవాడికే దేవుడు తర్వాతి సంగతి తెలియజేస్తాడు. ఈ ధ్యానంలో మీరు గుర్తుంచుకోవలసింది ఈ ఒక్క మాటే.

ఇదే అధ్యాయంలో మనల్ని ఉలిక్కిపడేలా చేసేవాళ్లు ఇంకొందరున్నారు. యెరూషలేము శాస్త్రులకు వాక్యం కంఠతా వచ్చు. రాజు అడగ్గానే తడుముకోకుండా ఊరి పేరు చెప్పారు. బేత్లెహేము అక్కడికి పది కిలోమీటర్లు కూడా లేదు. ఎక్కడినుంచో వచ్చిన అన్యులు ఆ కాస్త దూరం వెళ్లి ప్రభువును చూశారు. వాక్యం చెప్పినవాళ్లు వెళ్లినట్టు సువార్తలో ఎక్కడా లేదు. చిన్నప్పటినుంచి సండే స్కూల్‌లో కంఠతవాక్యాలు చెప్పి బహుమతులు తెచ్చుకున్న మనం ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. మన కొరత వాక్యం తెలియకపోవడం కాకపోవచ్చు. తెలిసిన వాక్యం చూపిన పది కిలోమీటర్లు నడవకపోవడం కావచ్చు.

జ్ఞానుల పండుగ పేరు పెట్టుకున్న పెద్ద దేవాలయం ఒకటి మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. డోర్నకల్ జంక్షన్‌లో రైలు మారిన ప్రతివారికీ ఆ ఊరు తెలుసు. అక్కడి ఎపిఫనీ కేథడ్రల్‌ను 1939 జనవరి 6న, జ్ఞానుల రాకను స్మరించుకునే ప్రత్యక్షతా పండుగ రోజునే ప్రతిష్ఠించారు. మసీదుల పోలికలో గుమ్మటాలు, దక్షిణాది గుళ్ల పోలికలో స్తంభాలు. క్రీస్తును ఆరాధించడానికి ఈ నేల మనుషులు తమ నేలను విడిచి రానక్కర్లేదని ఆ కట్టడం చూస్తేనే అర్థమవుతుంది. దాని వెనుక ఉన్న మనిషి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన జీవితంలో కూడా నడిపింపు ఇలాగే విడతలు విడతలుగా వచ్చింది.

అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళైలో, ఒక గురువుగారి ఇంట పుట్టారు. మాతృభాష తమిళం. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుంచి వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. తెలుగు దేశం, డోర్నకల్ అప్పటికి ఆయన ఊహలో లేవు. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ సంఘాలు తమ డబ్బుతో తమ మనుషులనే సువార్తకు పంపడం చూశారు. మా తిరునెల్వేలి సంఘం ఎందుకు పంపకూడదన్న ప్రశ్నతో తిరిగి వచ్చారు. ఆయనకు కనబడింది అంతే. ఆ మేరకు నడిచారు: మరుసటి ఏడాదే, 1903లో, భారతీయ మిషనరీ సంఘం తిరునెల్వేలిలో మొదలైంది. ఆ సంఘం ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని మన ప్రాంతం. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం స్థాపనలోనూ ఆయన ముందున్నారు. ఊరూరా తిరిగి, యువకులారా సువార్తకు కదలండి అని పిలిచిన మనిషికి చివరికి తనకే ఆ పిలుపు తగిలింది. ఇతరులను పంపుతూ తాను మాత్రం ఎందుకు ఉండిపోవాలి? 1909లో, దాదాపు 35 ఏళ్ల వయసులో, మంచి ఉద్యోగం వదులుకుని గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు.

1902లోనే ఎవరైనా ఆయన చేతికి ఒక కార్డు ఇచ్చి, నీవు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పువవుతావని చెప్పి ఉంటే ఆయన ఏమై ఉండేవారో మనకు తెలియదు. దేవుడు అది చెప్పలేదు. ఎదురుగా ఉన్న ఒక పని చూపాడు. అది చేశాక ఇంకొకటి. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, పడమటి మిషనరీలకూ భారతీయ క్రైస్తవులకూ మధ్య సాటి మనుషుల స్నేహం కొరవడిందని వారి ముఖానే చెప్పారు. హేరోదు ఆజ్ఞను పక్కనపెట్టి వేరే దారిన వెళ్లిన జ్ఞానులకున్న ధైర్యం అది. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. తర్వాత 32 ఏళ్లు డోర్నకలే ఆయన చిరునామా. ఎండకు, వానకు పల్లెల వెంట తిరిగారు. సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలీలు. చదువు, గౌరవం ఎవరూ ఇవ్వని ఆ ఇళ్లలోంచే ఆయన ఉపదేశకులను, గురువులను లేపారు.

దక్షిణ భారత సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సభనాటి నుంచి ఆయన పాటుపడ్డారు. ఆ ఐక్యత 1947 సెప్టెంబర్ 27న నెరవేరింది, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజునే, డోర్నకల్‌లో ప్రభువు సన్నిధికి చేరారు. నెబో కొండ మీద మోషే కూడా అంతే, దేశాన్ని దూరంనుంచి చూశాడు, అడుగు పెట్టలేదు. దేవుడు నడిపించిన మనిషి మొదలుపెట్టిన ప్రతి పనికీ ముగింపు చూస్తాడన్న హామీ ఏదీ లేదు. తనకు చూపిన దూరం నమ్మకంగా నడిచాడా అన్నదే లెక్క.

మరి నడవమని ఏమీ వినిపించని ఇళ్ల సంగతి? దరఖాస్తు పెట్టి మూడేళ్లయినా జవాబు రానివారు, బిడ్డల కోసం కన్నీళ్లతో ఎదురుచూసేవారు, మంచం పట్టిన మనిషిని చూసుకుంటూ ఎక్కడికీ కదలలేనివారు మన సంఘాల్లో ఎంతోమంది. వారికోసమే సంఖ్యాకాండము తొమ్మిదో అధ్యాయం చదవమన్నది. అరణ్యంలో ప్రత్యక్షపు గుడారం మీద మేఘం లేస్తే ఇశ్రాయేలీయులు కదిలేవారు, నిలిస్తే నిలిచేవారు. రెండు రోజులు గానీ, నెల గానీ, ఏడాది గానీ. మేఘం నిలిచిన ఏడాది కూడా నడిపింపులో భాగమే. ఆ ఏడాదిలో గుడారపు మేకు పీకనివాడు దారి తప్పినవాడు కాదు, లోబడినవాడు.

ఇలా ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రార్థనకు గుర్తుగా ఒంగోలులో ప్రార్థన కొండ అని ఒకటుంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అయిదుగురు ఆ కొండెక్కారు. నెల్లూరు మిషన్‌కు చెందిన లైమన్ జ్యూవెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు. వారి మిషన్‌ను మూసేయాలా వద్దా అని అమెరికాలో తర్జనభర్జన జరిగి ఎంతో కాలం కాలేదు. చేతిలో బలం లేదు, కంటికి ఫలం లేదు. కింద కనబడుతున్న ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఆ డిసెంబర్ దాకా జవాబు రాలేదు. తర్వాతి డిసెంబర్ దాకా కూడా రాలేదు. జాన్ క్లౌ అనే మనిషి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, పన్నెండేళ్లకు. 1878 జూలై 3న, ఘోరమైన కరవు తర్వాత, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొత్త సంవత్సరం నాడు చేసిన ప్రార్థనకు ఆ సంవత్సరంలోనే జవాబు రావాలని దేవుడు ఎక్కడా రాసివ్వలేదు. మనం జనవరి నుంచి డిసెంబర్‌కు గీత గీస్తాం. ఆయన పని ఆ గీత దాటి సాగుతుంది.

119వ కీర్తన దేవుని వాక్యాన్ని పాదాల దగ్గర వెలిగే దీపంగా చెబుతుంది. భూపాలపల్లివాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. బాయిలోకి దిగేవాడు ముందు ల్యాంప్ రూమ్ దగ్గర ఆగి, క్యాప్ ల్యాంప్ తీసుకుని, టోపీకి తగిలించుకుని కదులుతాడు. దాని వెలుతురు గని అంతా పరుచుకోదు, నాలుగు అడుగులు పడుతుంది. ఆ నాలుగు అడుగులు వేస్తే ఇంకో నాలుగు. నిన్నటి షిఫ్టులో దీపం పెట్టుకున్నాను గదా అని ఇవాళ ఉత్త టోపీతో దిగే కార్మికుడు ఉండడు. అయినా ఆదివారం విన్న వాక్యంతో ఆరు రోజులు, జనవరి 1న తీసిన వాక్యంతో పన్నెండు నెలలు గడుపుదామని మనం అనుకుంటాం. కార్డు మీద ఉన్నది ఒక్క వచనమే. దాని ముందూ వెనకా ఉన్న అధ్యాయం చదవండి. అది ఎవరితో, ఏ కష్టంలో చెప్పిన మాటో తెలుస్తుంది. అప్పుడు అది మీ బతుకులో ఎక్కడ అతుకుతుందో కూడా తెలుస్తుంది.

నడిపింపు కోసం వెతికేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. దేవుని వాక్యానికి విరుద్ధమైన దారిని దేవుడు చూపడు. కట్నం ఎక్కువ వస్తుంది కాబట్టి ఈ సంబంధం దేవుని చిత్తమని మోకాళ్ల మీద ఎంతసేపు ప్రార్థించినా అది ఆయన చిత్తమైపోదు. జ్ఞానులు అడిగినట్టు మీరూ అడగండి: మీ కాపరిని, సంఘపెద్దను, స్త్రీల మైత్రిలో మీకంటే రెండు తరాలు ముందున్న అమ్మను, వ్యవసాయం సంగతైతే వ్యవసాయం తెలిసినవాణ్ని. తోటకు పురుగు పడితే ప్రార్థనా చేయాలి, వ్యవసాయ అధికారినీ కలవాలి. ఒకటి రెండోదానికి అడ్డు కాదు. ఫోన్‌లో మీ పేరు పిలిచి, ఈ ఏడాది మీకు ఇల్లు, కారు అని ప్రవచించి, వెంటనే అకౌంట్ నంబర్ చెప్పేవారి దగ్గర మాత్రం అడగకండి. ఇంకొక సంగతి. హేరోదు కూడా జ్ఞానులకు దారి చెప్పినవాడే, బిడ్డ దొరికితే నాకూ తెలపండి, నేనూ వచ్చి మొక్కుతానన్నాడు. ఆ మాటలో భక్తి ఉంది, ఆ దారి చివర పసిబిడ్డ ప్రాణం ఉంది. మీరు ఎంచుకోబోయే దారి ఒక బలహీనుడి మీదుగా పోతుంటే, ఎన్ని వాక్యాలు చూపించినా అది ప్రభువు దారి కాదు. కూలివాడికి రావలసిన డబ్బు ఎగ్గొట్టి వేసే బోరులో ఆశీర్వాదం ఉండదు.

ప్రార్థన

తండ్రీ, ఈ సంవత్సరాన్ని మేము చూడలేదు, నీవు చూశావు. ముందున్నది చెప్పమని అడగడం మాకు అలవాటు. నీతో నడవడం నేర్పు. మాకు ఇప్పటికే తెలిసిన పనుల్లో మేము వాయిదా వేసినవాటికి క్షమించు. కదలమన్న రోజు కాళ్లకు బలమియ్యి, ఆగమన్న రోజు మనసుకు నెమ్మదియ్యి. జనగామ చేలకు నీళ్లు, మహబూబాబాద్ తోటలకు కాపు, భూపాలపల్లి గనుల్లో దిగే ప్రతి మనిషికి క్షేమంగా ఇల్లు చేరే భాగ్యం దయచెయ్యి. మేము వెళ్లవలసిన దారి మేము ఊహించనిదైతే, దానిలో కూడా నీవున్నావన్న ధైర్యం మాకియ్యి. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.

ఈరోజు చేయవలసింది

మీరు తీసిన వాగ్దానం ఏ అధ్యాయంలో ఉందో, ఆ అధ్యాయం మొత్తం ఈ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పైకి చదవండి. చదివాక, దేవుని చిత్తమని మీకు ముందే తెలిసి కూడా ఇన్నాళ్లూ చేయని పని ఒక్కటి గుర్తు చేసుకోండి. మాటలు మానేసిన తమ్ముడికి ఫోన్ చేయడం కావచ్చు, తిరిగి ఇవ్వవలసిన అప్పు కావచ్చు, తాగుడు మానేయడం కావచ్చు. ఏడాది సంగతి తర్వాత అడుగుదురు గాని, ముందు ఆ పని రేపు పొద్దుగూకేలోగా చేయండి.